‘ఎవరి పిల్లవాడివి?’ : తెలుగు బాల్యకథనాల్లో ఇల్లు, ఊరు, బడి

వ్యాససంగ్రహం

బాల్యాన్ని కేంద్రంగా చేసుకున్న తెలుగు కథలను మన విమర్శ సాధారణంగా హాస్యరచనలుగా, జ్ఞాపకాల రచనలుగా, ప్రాంతీయ, మైనారిటీ, దళిత కథలుగా విడివిడిగా పరిశీలిస్తూ వచ్చింది. ముళ్ళపూడి వెంకటరమణ, చాసో, నామిని సుబ్రమణ్యం నాయుడు, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోగు శ్యామల రచనలను ఈ వ్యాసం ఒకేచోట చేర్చి చదువుతుంది. పిల్లల అమాయకత్వం వయసు వల్ల దానంతట అది వచ్చే గుణం కాదనీ, ఇంటి స్థితి, ఊరిలోని స్థానం దాన్ని సమకూరుస్తాయనీ ప్రతిపాదిస్తుంది. ‘తనవారు’ అనే భావం ఈ రచనల్లో వరసల ద్వారా, భాష ద్వారా, బడితో ఉన్న సంబంధం ద్వారా ఎలా రూపుకట్టిందో చర్చిస్తుంది.

ప్రస్తావన

తెలుగు పల్లెలో కొత్త పిల్లవాడు వీధిలో కనబడితే అరుగుమీద కూర్చున్న పెద్దలు అతని పేరు అడగరు. ‘ఎవరబ్బాయివి?’ అంటారు. ఉత్తరాంధ్రలో అదే ప్రశ్న ‘ఎవరి తాలూకు?’ అని వినిపిస్తుంది. ప్రశ్న చిన్నదే. కాని దానికి వచ్చే జవాబులో ఇంటిపేరు, వీధి, వృత్తి, కులం, మతం అన్నీ ఒదిగి ఉంటాయి. జవాబు విన్నాక ఆ పిల్లవాణ్ణి అరుగుమీద కూర్చోబెట్టుకోవాలో, దూరంగా నిలబెట్టాలో పెద్దలు నిర్ణయించుకుంటారు. పిల్లవాడు తన ఊరిని గురించి నేర్చుకునే తొలి పాఠాల్లో ఇదొకటి.

బాల్యకథ ఈ ప్రశ్నకు పిల్లవాడే చెప్పుకునే సుదీర్ఘమైన సమాధానం. అందుచేత ఒక బాల్యకథను చదివేటప్పుడు అది ఎంత ముద్దుగా ఉంది, ఎంత నవ్వించింది, పాత రోజులను ఎంత గుర్తుచేసింది అన్న ప్రశ్నలు సరిపోవు. అందులోని పిల్లవాడికి ‘తనవారు’ ఎవరు, ఆ సంబంధం ఎవరి శ్రమ మీద, ఎవరి అనుమతి మీద నిలిచింది, అది ఎక్కడ తెగుతుంది అని అడగవలసి ఉంటుంది.

తెలుగు సాహిత్యంలో బాల్యవర్ణనకు పురాతనమైన నమూనా పోతన భాగవతంలోని బాలకృష్ణుడు. గోపికలు వచ్చి యశోదకు అతని అల్లరి విన్నవించుకునే ఘట్టం ప్రసిద్ధం. ఆ ఘట్టంలో గమనించదగినది ఒకటుంది. పల్లెలోని ప్రతి ఇంట్లోనూ అతనికి చొరవ ఉంది. ఫిర్యాదు చేసేవారికీ అతనంటే మురిపెమే. నేరం జరుగుతుంది గాని శిక్ష పడదు. ఊరంతా తన ఇల్లే అయిన పిల్లవాడి అల్లరి లీలగా మారుతుంది. ఈ నమూనా ఆధునిక కథలోకి వచ్చినప్పుడు అది అందరు పిల్లలకూ అందుబాటులో ఉందా అన్నది ఈ వ్యాసం వేసుకునే మొదటి ప్రశ్న.

1. పేరు ఎవరి దగ్గర ఉంది? : ‘బుడుగు’

1950ల నడుమ ఆంధ్ర వారపత్రికలో ధారావాహికగా వచ్చి, బాపు బొమ్మలతో పాఠకుల మనస్సులో నిలిచిపోయిన రచన ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’. కథకుడు బుడుగే. తనను తాను పరిచయం చేసుకుంటూ తనకున్న పిలుపుపేర్లు చెప్పి, పొడుగైన అసలు పేరు కావాలంటే బామ్మను అడగమంటాడు. ఈ పరిచయం నవ్వు పుట్టించడంతోపాటు ఒక సామాజిక స్థితినీ తెలుపుతుంది. ఈ పిల్లవాడు తన పేరును తాను మోయనవసరం లేదు. దాన్ని భద్రంగా దాచిపెట్టడానికి ఇంట్లో ఒక పెద్ద దిక్కు ఉంది. తానెవరో తెలుసుకోవలసిన బరువు అతని మీద లేదు.

బుడుగు ప్రపంచంలో దాదాపు ప్రతి మనిషికీ ఒక వరస ఉంది. ఇంట్లో అమ్మ, నాన్న, బామ్మ, బాబాయి. పక్కింటావిడ పిన్నిగారు. ఆవిడ భర్తకు ప్రత్యేకమైన పేరు అక్కరలేదు, పిన్నిగారి ‘ముగుడు’గా అతని స్థానం స్థిరపడింది. స్నేహితురాలు సీగాన పెసూనాంబ. శ్రీజ్ఞానప్రసూనాంబ అనే సంస్కృతనామం పిల్లవాడి నోట్లో నలిగి ఆ రూపం తెచ్చుకుంది. ఇక్కడ భాష కూడా ఇంటిదే. వ్యాకరణాన్ని ఎంత విరిచినా, అక్షరాలను ఎంత తిప్పినా ఎవరూ ఆ పిల్లవాణ్ణి భాష రానివాడు అనరు. పాఠకుడూ అనడు. తప్పు పలికే హక్కు బుడుగుకు పుట్టుకతోనే లభించింది.

ఈ కథనంలోని వ్యంగ్యం అంతా పాఠకుడికి తెలిసింది పిల్లవాడికి తెలియకపోవడం మీద ఆధారపడింది. పెద్దల ప్రేమలు, అలకలు, అవసరానికి ఆడే అబద్ధాలు బుడుగు చూస్తాడు, చెబుతాడు, అర్థం మాత్రం తనకు తోచినట్లు చేసుకుంటాడు. ఆ అజ్ఞానం వల్ల అతనికి ఏ నష్టమూ కలగదు. అతని ప్రపంచంలో బడీ, ప్రైవేటు మాస్టారూ తప్పించుకోవలసిన బెడదలు. చదువు తన నుంచి ఎవరైనా లాక్కోగలరన్న ఊహ అతనికి రాదు. బడిని ద్వేషించగలగడం కూడా బడి హామీగా ఉన్నవారికే సాధ్యమవుతుంది.

ఇలా అనడం ‘బుడుగు’ విలువను తగ్గించడం కాదు. వెంకటరమణ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, తల్లి వెంట మద్రాసు చేరి, లేమిలో పెరిగిన సంగతి ఆయన ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ వల్ల పాఠకులకు తెలిసిందే. ఆ నేపథ్యంలో చూస్తే, నాన్న, బాబాయి, బామ్మ అందరూ నిండుగా ఉన్న బుడుగు ఇల్లు రచయిత గుర్తుచేసుకున్న ఇల్లు కన్నా కల్పించుకున్న ఇల్లుగా తోస్తుంది. మన సాహిత్యంలో అత్యంత ఆనందకరంగా కనిపించే బాల్యం రచయిత జ్ఞాపకంలోంచి నేరుగా వచ్చింది కాకపోవచ్చునన్న విషయం బాల్యకథలన్నిటినీ ‘తీపి జ్ఞాపకాలు’గా చదివే అలవాటును ప్రశ్నిస్తుంది.

2. తెలిసిపోయిన పిల్లలు : చాసో

చాగంటి సోమయాజులు (1915–1994) కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో కృష్ణుణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి ఉంది. పేదరికం వల్ల ఆ బడి అతనికి దూరమైంది. తోటివారు చదువుకుంటున్న చోటును దాటి, తండ్రి చుట్టల కోసం నడిచిపోవడం అతనికి ప్రాణాంతకంగా తోస్తుంది. కథాంశం ఇంతే. ఒక వీధి, ఒక పని, ఒక పిల్లవాడు.

బుడుగుకూ కృష్ణుడికీ మధ్య ఉన్న తేడా కేవలం నవ్వుకూ కన్నీళ్ళకూ ఉన్న తేడా కాదు. బుడుగుకు ఇంటి లెక్కలు తెలియవు. కృష్ణుడికి తెలుసు. తండ్రి చేతిలో చుట్టలకు ఉన్న డబ్బు తన చదువుకు ఎందుకు లేదన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నను నిలదీసి అడగలేకపోవడం అతని ప్రేమ. తండ్రి దుర్మార్గుడు కాడు. కొడుకు అవిధేయుడు కాడు. ఇద్దరి నడుమ ఉన్నది నిజమైన బంధం. ఆ బంధమే వారి మాటలకు అడ్డుపడుతుంది. కథ శీర్షికలోని ‘నాన్నా’ అన్న పిలుపులో నమ్మకమూ, నొచ్చుకోవడమూ ఒకేసారి వినిపిస్తాయి. తండ్రిని నిందించకుండానే తండ్రికి తన గుండెకోత తెలియజెప్పే బాధ్యత ఆ పసివాడి మీద పడింది.

చాసో ఈ కథను ప్రథమపురుషలో చెప్పారు. కాని కథనం కృష్ణుడి చూపును విడిచి దూరం పోదు. బుడుగు కథలో పాఠకుడు పిల్లవాడి కన్నా ఎక్కువ తెలిసినవాడు. ఇక్కడ పాఠకుడికి ఆ ఆధిక్యం లేదు. పిల్లవాడికి తెలిసింది పాఠకుడికి తెలుస్తుంది, అతను సిగ్గుపడితే పాఠకుడూ సిగ్గుపడతాడు. వ్యంగ్యానికి అవసరమైన దూరం చెరిగిపోతుంది.

చాసోదే మరో కథ ‘కుంకుడాకు’లో ఈ స్థితి ఇంకో మెట్టు దిగుతుంది. వంటచెరకు కోసం ఆకులు, పుల్లలు ఏరుకునే పేద బాలిక కథ అది. ఆమె ఈడు పిల్ల బడికి పోతుంది, ఈమె గంప పట్టుకొని పోతుంది. పొలం ఆసామి ఆమెను దొంగగా చూసి కొడతాడు. బాలకృష్ణుడు పరుల ఇళ్ళలో వెన్న తింటే లీల అయింది. ఈమె పరుల పొలంలో రాలిన ఆకు ఏరితే నేరమైంది. పోతన నమూనాలో ఊరంతా పిల్లవాడి ఇల్లు. ఇక్కడ ఊళ్ళోని ప్రతి గట్టుకూ ఒక యజమాని ఉన్నాడు. ఆ గట్లను గుర్తుపట్టడమే ఈ పిల్ల నేర్చిన భూగోళం.

ఈ రెండు కథలను ‘బుడుగు’తో కలిపి చదివితే ఒక సూత్రం బయటపడుతుంది. అమాయకత్వాన్ని మనం పిల్లల సహజలక్షణమని అనుకుంటాం. నిజానికి పిల్లవాడు ఎన్నాళ్ళు, ఎంతమేరకు అమాయకంగా ఉండగలడన్నది అతని ఇంటి స్తోమత నిర్ణయిస్తుంది. అమాయకత్వం కూడా ఒక ఆస్తి. కొందరికి అది వారసత్వంగా వస్తుంది. కొందరికి ఊహ తెలిసేసరికే ఖర్చయిపోతుంది.

3. తిట్టూ ఒట్టూ : నామిని

నామిని సుబ్రమణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’, ‘మిట్టూరోడి కతలు’ చిత్తూరు జిల్లా రైతుకుటుంబపు బాల్యాన్ని ఆ నేల మాటతోనే చెప్పాయి. పాత్రల సంభాషణల్లో మాండలికాన్ని వాడడం అప్పటికి తెలుగు కథకు కొత్త కాదు. కథకుడి మాటను కూడా పూర్తిగా అందులోకి తీసుకురావడం వల్ల నామిని కథనానికి ప్రత్యేకబలం చేకూరింది. సంభాషణలో ఇంటిభాష, కథనంలో బడిభాష ఉన్నప్పుడు, రచయిత చదువుకొని ఊరు దాటి వెళ్ళిపోయినవాడని పాఠకుడికి ప్రతి వాక్యమూ గుర్తుచేస్తుంది. తల్లిదండ్రులు కొటేషన్ల మధ్య నిలబడతారు, కొడుకు వాటి వెలుపల ఉంటాడు. నామిని ఆ గీతను తుడిచేశారు. తల్లి మాట్లాడే తెలుగులోనే కొడుకు రాస్తాడు. ఇది శైలికి సంబంధించిన నిర్ణయం మాత్రమే కాదు. ‘ఎవరి పిల్లవాడివి?’ అన్న ప్రశ్నకు ప్రతి వాక్యంలోనూ ఇచ్చిన జవాబు.

ఈ కథల్లో ప్రేమ సున్నితమైన మాటల్లో రాదు. పిల్లల మీద తల్లి ప్రేమ తరచుగా తిట్టు రూపంలో వస్తుంది. బుడుగు బామ్మ మందలింపులో మురిపెం పైకి కనబడుతుంది. నామిని చూపే తల్లి తిట్టులో ఆనాటి పని, అప్పు, కూలి, ఎండ కలిసి ఉంటాయి. ఆ తిట్టును విని బెదరకుండా దాని వెనుక ఉన్న అలసటను గుర్తించడం పిల్లవాడు నేర్చుకునే విద్య. మధ్యతరగతి పాఠకుడు ఆ తిట్లను మొరటుతనంగా చూస్తే కథలోని బంధమే అతనికి అందదు.

‘పచ్చనాకు సాక్షిగా’ అన్న శీర్షిక కూడా ఆలోచింపజేస్తుంది. పచ్చని చెట్టు మీద, పచ్చని ఆకు మీద ఒట్టు పెట్టుకోవడం సేద్యం మీద బతికే వారి వాడుక. దేవుడి పటం ఎదుటా, న్యాయస్థానంలోనూ చేసే ప్రమాణాల సరసన రైతు నిలిపిన సాక్ష్యం అది. తాను చెప్పేదంతా జరిగినదేననీ, దానికి తమ బతుకునిచ్చిన పైరే సాక్షి అనీ రచయిత మొదటే ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ బాల్యం నెమరువేసుకునే వస్తువు స్థాయి నుంచి వాంగ్మూలం స్థాయికి మారింది.

నామిని తరువాతి కాలంలో ‘చదువులా చావులా’, ‘ఇస్కూలు పిలకాయల కత’ రాయడం ఈ దృష్టికి కొనసాగింపే. ఇంటిమాట నుంచి పిల్లలను వేరుచేసే చదువు వారికి ఏమిచ్చి ఏమి తీసుకుంటోందన్న ప్రశ్న ఆయన బాల్యకథల్లోనే బీజరూపంలో ఉంది. కృష్ణుడు బడి బయట నిలబడి లోపలికి చూశాడు. నామిని కథకుడు బడిలోంచి ఇంటివైపు తిరిగి చూస్తాడు. రెండు చూపుల్లోనూ ఎడబాటు ఉంది.

4. రెండు పేర్ల ఊరు : ఖదీర్‌బాబు

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ 1999లో, ‘పోలేరమ్మ బండ కథలు’ ఆ తరువాత కొన్నేళ్ళకు పుస్తకాలుగా వచ్చాయి. ఈ రెండు శీర్షికలను పక్కపక్కన ఉంచితేనే రచయిత ప్రతిపాదన అర్థమవుతుంది. ఒకటి దర్గా పేరు మోస్తుంది, మరొకటి గ్రామదేవత పేరు మోస్తుంది. రెండూ ఒకే కథకుడి బాల్యానికి చిరునామాలు. ముస్లిం బాలుడికి దర్గా ఎంత తనదో పోలేరమ్మ బండ కూడా అంత తనదన్న మాట వాదనగా ఎక్కడా చెప్పనవసరం లేకుండా పుస్తకాల అట్టల మీదే ఉంది. నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ వచ్చే ప్రాంతంలో పుట్టిన కథలు ఇవి.

ఈ కథలు వెలువడిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. 1992 డిసెంబరు తరువాత ఈ దేశంలో ముస్లింలు తమ స్థానాన్ని గురించి కొత్తగా జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. 1998లో వచ్చిన ‘జల్‌జలా’ సంకలనం తెలుగులో ముస్లింవాద కవిత్వాన్ని ఒక ఉద్యమస్వరంగా నిలబెట్టింది. ఆ కవిత్వం ప్రశ్నించింది, నిలదీసింది. ఖదీర్‌బాబు అదే సమయంలో పిల్లవాడి గొంతును ఎంచుకున్నారు. పిల్లవాడు తన ఊరు తనదని రుజువు చేసుకోడు. ఆ ఊళ్ళో ఆడుకుంటాడు, ఆకలేస్తే తింటాడు, దెబ్బలు తింటాడు, పండక్కి కొత్తబట్టల కోసం ఎదురుచూస్తాడు. ఈ దేశం నీదేనా అన్న ప్రశ్నే ఎంత అసంబద్ధమో ఆ దినచర్య చూపిస్తుంది. నెల్లూరు తెలుగులో కథ చెప్పడం కూడా ఈ వ్యూహంలో భాగమే. తెలుగు అతనికి ఎవరో అనుమతించిన భాష కాదు, ఆటల భాష.

ఐతే ఈ ఎంపికకు ఒక పరిమితి ఉంది. పత్రికాశీర్షిక కోసం రాసే చిన్న కథకు ఒక కొలత ఉంటుంది. ఆ కొలతలో కథ ముగింపు వద్ద పాఠకుడి మనసు తడిసి, ఆ వెంటనే తేలికపడాలి. ఇరుగుపొరుగు మంచితనంతో ఇబ్బంది తొలగిపోయే ముగింపులు పాఠకుడికి ఊరట కలిగిస్తాయి. కాని ఆ మంచితనం లోపించిన రోజు పిల్లవాడి స్థితి ఏమిటన్న ప్రశ్నను అవి వాయిదా వేస్తాయి. నామిని కథలకూ కొంతమేరకు ఈ మాట వర్తిస్తుంది. శీర్షికారూపం బాల్యకథకు పాఠకులను సంపాదించిపెట్టింది. దానితోపాటు జ్ఞాపకాన్ని ఒకే పరిమాణంలో కోసి అమర్చే అలవాటునూ నేర్పింది. ఈ రూపపరమైన ఒత్తిడిని పరిగణించకుండా ఈ కథల్లోని ఆత్మీయతను మాత్రమే ప్రశంసించడం సగం విమర్శే అవుతుంది.

5. ఊరి హక్కు, ఇంటి బంధం : గోగు శ్యామల

గోగు శ్యామల కథాసంపుటికి ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అన్న సామెత శీర్షికగా నిలిచింది. సామెత ఇద్దరినీ కొలుస్తోంది. తండ్రికి ఏనుగు కొలమానం. తల్లికి దూది ఏకులు పెట్టుకునే బుట్ట కొలమానం. ఏనుగు చూడడానికి పెద్దది, దాన్ని నమ్ముకొని పిల్లలు బతకలేరు. ఏకులబుట్ట చిన్నది, కాని అది చేతిపనికి సంబంధించినది, పూట గడిపేది. కుటుంబబంధాన్ని పరిమాణంతో గాక పోషణతో తూచే ఈ లెక్క శ్రామికకులాల ఇళ్ళలో పుట్టినది.

సంపుటిలోని రెండు కథలు ఈ చర్చకు ముఖ్యమైనవి. తాటకి పేరుతో ముడిపడిన కథలో బాలమ్మ అనే బాలిక తెల్లవారకముందే పొలానికి నీళ్ళు పారించడానికి పోతుంది. అక్కడ భూస్వామి ఆమె మీద అత్యాచారానికి పూనుకుంటే ఎదిరించి బయటపడుతుంది. రామాయణంలో రాక్షసిగా వధ అయిన తాటకి ఇక్కడ గెలిచినదిగా తిరిగివస్తుంది. ఇటువంటి కథల్లోని పిల్లలు వయసుకు మించి మాట్లాడుతున్నారనీ, రచయిత్రి భావజాలమే వారి నోట పలుకుతోందనీ ఒక ఆక్షేపణ రావచ్చు. కథను జాగ్రత్తగా చదివితే ఆ ఆక్షేపణ నిలవదు. బాలమ్మకు తెలిసింది సిద్ధాంతం కాదు, పని. చీకట్లో ఒంటరిగా పొలానికి పోయే పిల్లకు నీళ్ళ వంతు ఎంత తెలిసి ఉండాలో మనిషి అడుగు చప్పుడు కూడా అంతే తెలిసి ఉండాలి. శ్రమ ఆమెకు లోకజ్ఞానాన్ని ముందుగానే ఇచ్చింది. బుడుగు వయసు పిల్ల ఇలా మాట్లాడదని అనడం బుడుగునే అందరు పిల్లలకూ కొలబద్దగా పెట్టుకోవడం.

రెండవ కథ ఒక తండ్రిది. అతని కూతుర్ని జోగినిగా మార్చాలని ఊరిపెద్దలు నిర్ణయిస్తారు. తండ్రి అందుకు ఒప్పుకోక ఆమెను చదువుకోసం హాస్టలుకు పంపిస్తాడు. దానికి ఊరు అతణ్ణి శిక్షిస్తుంది. దేవదాసీ, జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. కాని కథలోని సంఘర్షణ చట్టపరిధిని దాటినది. ‘ఎవరి పిల్లవాడివి?’ అన్న ప్రశ్న ఇక్కడ తన భయంకరరూపంలో ఎదురవుతుంది. ఈ పిల్ల మాది అని ఊరు అంటుంది. తనది అని తండ్రి అంటాడు. ఊరికి చెందడం ఈ పిల్లకు రక్షణ కాదు, తన శరీరం మీద ఇతరులకు హక్కు. అందుచేత తండ్రి ఆమెను తనదిగా నిలుపుకోవడానికి తననుంచి దూరంగా పంపవలసి వస్తుంది.

బాల్యకథల్లో బంధానికి సాధారణంగా సాన్నిధ్యం గుర్తు. ఒకే కంచం, ఒకే పక్క, ఒకే కప్పు. ఈ కథలో ఎడబాటే బంధానికి నిదర్శనమైంది. ఏనుగంత తండ్రిని తక్కువచేసిన సామెత శీర్షికగా ఉన్న సంపుటిలోనే ఇటువంటి తండ్రి ఉండడం గమనార్హం. దళితకుటుంబంలోని తండ్రిని రచయిత్రి ఒకే మూసలో పోయలేదు. అధికారం లేని తండ్రి కూతురి కోసం తన వీపును ఒప్పజెప్పాడు. చాసో కథలోని తండ్రి కొడుకును బడికి పంపలేకపోయాడు. ఈ తండ్రి పంపాడు, దానికి వెల చెల్లించాడు. బడి ఒకరికి తప్పించుకోవలసిన బెడద, ఒకరికి అందని కోరిక, ఒకరికి ఇంటి నుంచి ఎడబాటు, మరొకరికి ప్రాణరక్షణ. ఒకే సంస్థ నాలుగు అర్థాలు తెచ్చుకోవడానికి పిల్లల స్వభావాల్లోని భేదం కారణం కాదు.

6. వర్గీకరణ అనే సమస్య

ఇంతవరకు పరిశీలించిన రచనలను మన గ్రంథసూచికల్లోనూ, పరిశోధనాంశాల జాబితాల్లోనూ వెదికితే అవి వేరువేరు గదుల్లో కనిపిస్తాయి. ‘బుడుగు’ హాస్యసాహిత్యం లేదా బాలసాహిత్యం. చాసో అభ్యుదయకథ. నామిని మాండలికకథ. ఖదీర్‌బాబు ముస్లిం మైనారిటీ కథ. శ్యామల దళిత స్త్రీవాద కథ. ఈ విభజన వల్ల అధ్యయనానికి సౌలభ్యం ఉంది. అస్తిత్వ ఉద్యమాలు ఆ పేర్లను పోరాడి సాధించుకున్నాయన్న చారిత్రకసత్యాన్నీ విస్మరించరాదు. కాని దీనిలో ఒక అసమానత దాగి ఉంది. ‘బుడుగు’కు మాత్రం ఏ విశేషణమూ లేకుండా ‘బాల్యం’ అన్న పదం దక్కుతుంది. మిగిలిన బాల్యాలకు ముందు ఒక విశేషణం చేరుతుంది.

బుడుగు ఇల్లు కూడా ఒక ప్రత్యేకమైన ఇల్లే. అది కోస్తా ప్రాంతపు అగ్రవర్ణ మధ్యతరగతి ఇల్లు. దాని భాషకూ, వరసలకూ, అలవాట్లకూ స్థలం ఉంది, కులం ఉంది. ఆ ప్రత్యేకతను గుర్తించడం వల్ల ఆ రచన చిన్నది కాదు. అది సాధించిన నవ్వు ఏ నేల మీద నిలిచిందో తెలుస్తుంది. అదే విధంగా నామిని, ఖదీర్‌బాబు, శ్యామల రచనల్లో సార్వజనీనమైనది ఏమిటని అడిగే హక్కు విమర్శకు కలుగుతుంది. తల్లి అలసటను గుర్తించడం, తన ఊరు తనదేనని నమ్మడం, ప్రేమించేవారే దూరం పంపితే భరించడం ఒక కులానికో, ప్రాంతానికో పరిమితమైన అనుభవాలు కావు.

ఈ చర్చ గ్రంథాలయపు అలమారకు పరిమితమైనది కాదు. పాఠ్యపుస్తకంలో, సంకలనంలో బాల్యం పేరుతో ఏ కథ చేరుతుందన్నది తరగతిగదిలోని పిల్లలకు ఒక సందేశం ఇస్తుంది. తన ఇంటిమాట, తన ఇంటి వరసలు అచ్చులో చూసుకున్న విద్యార్థి భాషలో తనకు చోటుందని గ్రహిస్తాడు. వాటిని ఎక్కడా చూడనివాడు కృష్ణుడివలె బడిలో ఉండి కూడా బడి బయట నిలబడతాడు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు బాల్యకథలో కథకుడి అమాయకత్వాన్ని ఒక శిల్పసాధనంగా మాత్రమే చూడరాదు. ఆ అమాయకత్వాన్ని సాధ్యం చేసిన, లేదా అసాధ్యం చేసిన సామాజికస్థితిని శిల్పచర్చలోకి తీసుకురావాలి. రెండవది, వరసలు, తిట్లు, ఒట్లు, సామెతలు, పిలుపుపేర్లు ఈ కథల్లో అలంకారాలు కావు. పిల్లవాడు ఎవరికి చెందుతాడో, ఎవరు అతన్ని తమవాడుగా అంగీకరిస్తారో చెప్పే నిర్మాణాంశాలు అవే. మూడవది, ‘జ్ఞాపకాల కథ’ అన్న పేరు ఈ రచనల వైవిధ్యానికి చాలదు. ఇందులో కల్పించుకున్న ఇల్లు ఉంది, పోగొట్టుకున్న బడి ఉంది, ఒట్టు పెట్టి చెప్పిన వాంగ్మూలం ఉంది, విడిచిపోతేనే నిలిచిన బంధం ఉంది.

తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర, కోస్తా ప్రాంతాల బాల్యకథనాలను, తెలుగునేల వెలుపల రాసిన తెలుగువారి బాల్యకథనాలను ఈ దృష్టితో పరస్పరం పోల్చి చదవడానికి విస్తృతమైన అవకాశం ఉంది. ఆ పోలికలో ప్రతి కథనూ అడగవలసిన ప్రశ్న అరుగుమీది పెద్దలు అడిగేదే. ఐతే విమర్శకుడు దానికి మరో ప్రశ్న జోడించవలసి ఉంటుంది. నువ్వు ఎవరి పిల్లవాడివని అడిగే అధికారం ఆ అరుగుకు ఎవరిచ్చారు?